ఎవరిదీ కాని ఫొటో

పోయినవారం మనం గువ్వ వాళ్లమ్మను చెక్కపెట్టె ముందు నిలబెట్టి వచ్చేశాం. చేతిలో ఫొటో, ఎదురుగా హాలు నిండా జనం. అంతకుముందు సంగతి మరిచిపోయినవాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. "మా అక్క చూస్తానంటోంది, రెండు రోజులుంచి తెచ్చేస్తా" అని పిల్లను భుజాన వేసుకుని మొగుడు వెళ్లింది వానాకాలం మొదట్లో. వానలు వెనకబట్టాయి గానీ అతను వెనక్కి రాలేదు. ఆ అక్క ఇంటికి వెళ్తే, "మా గుమ్మం తొక్కలేదు" అన్నారు. అతని ఫోను మోగదు. పోలీసుస్టేషన్లో, "కన్నతండ్రి దగ్గరేగా ఉంది, దొంగలెత్తుకుపోయారా ఏంటి" అని నవ్వి పంపేశారు. అప్పట్నుంచి ఆమెకు అన్నం గొంతు దిగడం లేదు. అయినా కెమెరా క్లబ్బులో నెలనెలా జరిగే పోటీ పని మాత్రం వదల్లేదు. ఆ హాల్లో బల్లల కింద గువ్వ పాకింది. ఆ గోడల మీద గువ్వ పెన్సిల్ గీతలు గీసింది. బయట ఎక్కడికి వెళ్లినా ఆమె పిల్ల లేని మనిషి. అక్కడ మాత్రం ఇప్పటికీ అందరికీ గువ్వ వాళ్లమ్మే.

ఇక ఆ ఫొటో.

వాన పడుతున్నప్పుడు తీసింది. ఒక మేడ కిటికీ. అద్దం నిండా నీటిచారలు. ఆ చారల వెనక, కిటికీ దిమ్మ మీద గడ్డం ఆనించి ఒక పిల్ల. మొహం సరిగ్గా ఆనదు. నీళ్లలో కలిపిన రంగులా ఉంది. కళ్లజోడు పెట్టుకుంది. ఆ కళ్లజోడులో ఒక అద్దానికి తెల్లగా ఏదో అంటించి ఉంది, ఆ వైపు కన్ను అసలు కనబడదు. పిల్ల కుడిచెయ్యి మాత్రం స్పష్టంగా ఉంది. ఆ చెయ్యి నెత్తిమీదుగా అవతలికి వెళ్లి ఎడమ చెవిని పట్టుకుని ఉంది.

ముక్కేదంటే తలచుట్టూ చెయ్యి తిప్పి చూపించే మనుషులుంటారని సామెత. గువ్వకు అది సామెత కాదు, అలవాటు. ఎవరికోసమైనా ఎదురు చూస్తున్నప్పుడు అలాగే కూర్చునేది. వీధి తలుపు దగ్గర, అమ్మ పని నుంచి వచ్చేదాకా, అలాగే.

గువ్వకు కళ్లజోడు లేదు. ఆ కంటికి ఏమయింది?

"ఏమ్మాయ్, మొదలెడదామా?" వెనక నుంచి అద్దాలాయన గొంతు.

అద్దాలాయన ఆ క్లబ్బుకు పెద్ద, తను మాత్రం ఎన్నడూ పోటీలో ఫొటో పెట్టడు. కళ్లజోళ్ల కొట్టు నడుపుతాడు కాబట్టి ఆ పేరు. నిబంధనలంటే ఆయనకు ప్రాణం. తన పేరైనా ఎప్పుడన్నా మరిచిపోతాడేమో గానీ క్లబ్బు నిబంధన ఒక్కటి మరవడు. గువ్వ వాళ్లమ్మకు ఈ పని ఇప్పించింది ఆయనే. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది.

"బాబాయ్, ఒక్క నిమిషం... ఈ ఫొటో..."

"జడ్జిగారికి ఆలస్యమైపోతోందమ్మా," అన్నాడాయన, ఫొటో వంక చూడకుండానే.

ఆమె ఇది ఎవరు తీశారని అడగబోయి ఆగిపోయింది. అడిగినా చెప్పేవాళ్లు లేరు. ఆ క్లబ్బు పద్ధతే అంత.

ఒకప్పుడు ఆ పోటీల్లో ఫొటో వెనక పేరు ఉండేది. దాంతో పెళ్లాం ఫొటోకు మొగుడి చప్పట్లు, బామ్మర్ది ఫొటోకు బావ చప్పట్లు, పక్కింటాయన ఫొటోకు మాత్రం దగ్గులు. ఒకసారి గొడవ ముదిరి ఇద్దరు పెద్దమనుషులు కెమెరా స్టాండ్లు పట్టుకుని కొట్టుకున్నారు. అప్పుడు అద్దాలాయన కొత్త పద్ధతి పెట్టాడు. ఎవరి ఫొటో వాళ్లు నల్ల అట్టకు అంటించి, పేరు లేకుండా, చెక్కపెట్టె కంతలోంచి లోపలికి జారవిడవాలి. పోటీ రోజు సాయంత్రం అందరి ముందూ పెట్టె తెరవాలి. జడ్జి మాట్లాడుతుంటే ఫొటో తీసినవాళ్లు రాయిలా కూర్చోవాలి. నవ్వకూడదు, ఉలకకూడదు. చివరికి మొదటి మూడు ఫొటోలు తీసినవాళ్లు మాత్రమే లేచి నిలబడతారు. మిగతావి ఎవరివో ఎవరికీ తెలియనక్కర్లేదు. పోటీ నడిపే గువ్వ వాళ్లమ్మకు కూడా తెలియదు.

అంటే ఈ ఫొటో గెలవాలి. గెలిస్తే ఎవరో ఒకరు లేచి నిలబడతారు. నిలబడితే అడగొచ్చు. ఎక్కడ తీశావు, ఏ ఊరు, ఏ వీధి, ఆ కంటికేమయింది.

ఆమె ఫొటోలు సర్దింది. ఆ ఫొటోను అన్నిటికంటే కింద పెట్టి, తలెత్తి హాలు చూసింది. అందరూ తెలిసినవాళ్లే. ముందు వరసలో టైలరక్క కూర్చుని ఉంది. ఆమె ఇల్లు గువ్వ వాళ్లమ్మ ఇంటి పై వాటా. ఈ కష్టకాలంలో కొండంత అండ. పోలీసుస్టేషనుకు తోడొచ్చింది ఆమె, బతిమాలి రెండు ముద్దలు తినిపించింది ఆమె. గువ్వ పిలుపులో పెద్దమ్మ. టైలరక్క కళ్లతోనే ఏమైందని అడిగింది. గువ్వ వాళ్లమ్మ తల అడ్డంగా ఊపింది.

జడ్జి వేరే ఊరి నుంచి వచ్చాడు. మెడలో రెండు కెమెరాలు, రెంటికీ మూతలు. మాట్లాడడం మొదలుపెడితే మంచినీళ్ల కుళాయి విప్పినట్టే, కట్టేదాకా ఆగదు. ఈ నెల అంశం కిటికీ కావడంతో, అసలు మానవుడు కిటికీ ఎందుకు కనిపెట్టాడో దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు.

"గాలికోసం సార్," అన్నాడు వెనక వరసలోంచి మీసాలాయన. "ఇక్కడ కూడా ఒకటి తెరిపించండి, పుణ్యముంటుంది."

హాలు నవ్వింది. గువ్వ వాళ్లమ్మ నవ్వలేదు. ఒక్కొక్క ఫొటో తీసి వాలుబల్ల మీద దీపాల కింద పెట్టడం, జడ్జి మాటలయ్యాక తీసి పక్కన పెట్టడం, మళ్లీ ఇంకోటి. చేతులు వాటంతట అవే పని చేస్తున్నాయి. రైలు కిటికీ, జైలు కిటికీ, బొమ్మల దుకాణం కిటికీ, కిటికీలో పిల్లి, పిల్లి లేని కిటికీ.

ఆఖరుకు అడుగున ఉన్నది మిగిలింది.

తన బిడ్డను తనే తీసుకెళ్లి దీపాల కింద నిలబెట్టి, "చూడండి, బాగుందా" అని అడగాల్సిన తల్లి ఇంకెక్కడైనా ఉంటుందా? గువ్వ వాళ్లమ్మ ఫొటోను వాలుబల్ల మీద పెట్టింది. వంకరగా పడింది. సరిచేయబోతే ఇంకా వంకరైంది. వదిలేసి పక్కకు వచ్చి, బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

జడ్జి కళ్లు చిట్లించి చూశాడు.

"ఊఁ. వాన బాగుంది. అద్దం మీద నీళ్లు, శభాష్, నీళ్లలో వెలుగు పట్టడం తేలిక కాదు. కిటికీ పాతది, రంగు లేచిపోయింది, అందంగా ఉంది." ఆయన వేలు ఫొటోకు దగ్గరగా వెళ్లింది. "చెడగొట్టిందల్లా ఈ పిల్లే."

ఆమె బల్ల అంచు వదిలి ఒక అడుగు ముందుకేసింది.

"మొహం ఫోకస్‌లో లేదు. కళ్లజోడుకు ఒకపక్క ఏదో మచ్చ. చెయ్యి చూడండి, తలమీద పామెక్కినట్టు! ఎవరు తీశారో గానీ నా సలహా ఒకటే. కత్తెర తీసుకోండి. ఈ పిల్లని కత్తిరించి పారేయండి. కిటికీ ఒక్కటీ ఉంచండి. అప్పుడు..."

"కత్తిరించొద్దు."

ఆ మాట అన్నదెవరా అని జడ్జి జనం వైపు చూశాడు. జనం గువ్వ వాళ్లమ్మ వైపు చూశారు.

"ఏంటమ్మా?"

"కత్తిరించొద్దండి. అది నా కూతురు."

హాల్లో ఎవరో దగ్గబోయి మింగేశారు. కుర్చీలు కిర్రుమన్నాయి.

"అయితే ఈ ఫొటో నువ్వే తీశావా? మరి పోటీ నడిపేవాళ్లు పోటీలో..."

"నేను తియ్యలేదు సార్. ఎవరు తీశారో నాకు తెలీదు. మీలోనే ఒకరు తీశారు." ఆమె జనం వైపు తిరిగింది. "ఎవరండీ? ఎవరు తీశారో చెప్పండి. గొడవ పడను. మా ఆయన్ని ఒక్క మాట అనను. ఎక్కడుందో చెప్పండి చాలు. ఊరి పేరు చెప్పండి. లేదా ఎటువైపు బస్సెక్కాలో అది చెప్పండి."

ఎవరూ లేవలేదు.

అక్కడున్న ప్రతివాళ్లకూ గువ్వ తెలుసు. ఒకాయన దానికి బెలూన్లు ఊది ఇచ్చాడు. ఒకావిడ తన లెన్సు మూత అది నోట్లో పెట్టుకుందని వారం రోజులు తిట్టింది. వాళ్లంతా ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అందులో ఒక మొహం అబద్ధం. అది ఏదో తెలియడం లేదు. రాయిలా కూర్చోవడం వాళ్లకు నెలనెలా అలవాటైన విద్య.

"అమ్మాయ్," అద్దాలాయన లేచాడు. "ఫొటో ఎవరిదని అడగకూడదమ్మా. నిబంధన."

"నిబంధనా? నా కూతురి కన్నేమయిందో చూశారా బాబాయ్? మీరు అద్దాలమ్మేవాళ్లు, మీరు చెప్పండి. ఆ తెల్లగా అంటించింది ఏంటి? దెబ్బ తగిలిందా? ఎవరన్నా కొట్టారా? చూపు ఉందా పోయిందా?"

ఆయన జేబురుమాలు తీసి, తుడవక్కర్లేని కళ్లజోడు తుడుచుకున్నాడు.

టైలరక్క గబగబా వచ్చి గువ్వ వాళ్లమ్మ భుజం పట్టుకుంది. "పిచ్చిదానా, ఇలా చూడు. మన గువ్వ కళ్లజోడు పెట్టుకుంటుందా చెప్పు? ఎవరి పిల్లో ఏంటో. మొహమే కనబడట్లేదు. నీకిప్పుడు ప్రతి పిల్లా గువ్వలాగే కనబడుతోంది. మొన్న బస్టాండులో ఏం చేశావు? ఆ పిల్ల వాళ్లమ్మ నిన్ను కొట్టబోయింది, గుర్తుందా?"

అది నిజమే. గువ్వ వాళ్లమ్మ తనను తనే అనుమానించింది. నిజంగానే తనకు పిచ్చి పట్టిందేమో. తలమీదుగా చెవి పట్టుకునే పిల్లలు లోకంలో ఇంకెవరూ ఉండరా?

మళ్లీ ఫొటో చూసింది. వేళ్లు చూసింది. చెవిని పట్టుకోలేదు, చెవి తమ్మెను రెండు వేళ్ల మధ్య నలుపుతోంది. పాలు తాగే రోజుల్లో తన చెవి తమ్మెను అలాగే నలిపేది. పాలు మాన్పించాక సొంత చెవి వెతుక్కుంది.

"అది గువ్వే అక్కా," అంది.

"ఇది ఫొటో పోటీయా, పోలీసుస్టేషనా?" జడ్జి విసుక్కున్నాడు.

"పోలీసుస్టేషనైతే నా మాట ఎవరూ వినరు సార్. అందుకే ఇక్కడ అడుగుతున్నాను."

ఆమె నడిచి వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఎవరూ వెళ్లకండి. కాళ్లు పట్టుకోమంటే అందరివీ పట్టుకుంటాను. ఈ వరస నుంచి మొదలెట్టమంటారా, ఆ వరస నుంచా?"

"అయ్యో, ఊరుకో తల్లీ," అంది లెన్సు మూతావిడ. ఆమె కళ్లు చెమర్చాయి. "చెప్పి చావండర్రా ఎవరో! ఆడపిల్ల గోల చూడలేకపోతున్నాం."

"నేనైతే కాదు," అన్నాడు మీసాలాయన. ఈసారి వేళాకోళం లేదు. "నాది పిల్లి. ఆ పిల్లి ఫొటో నాదేనని చెప్పేస్తున్నా, నన్ను పోటీలోంచి తీసెయ్యండి, పర్వాలేదు."

దాంతో ఒక్కొక్కరే మొదలుపెట్టారు. రైలు నాది. జైలు నాది. బొమ్మల దుకాణం మాది. ఆ క్లబ్బు పుట్టాక ఎన్నడూ జరగని పని అది. చూస్తుండగానే ప్రతి ఫొటోకూ ఒక మనిషి దొరికాడు. వాలుబల్ల మీద ఉన్న ఫొటో ఒక్కటే ఎవరిదీ కాకుండా మిగిలింది.

"నేనీ నెల ఏమీ పెట్టలేదు," అంది టైలరక్క, అందరికంటే ఆఖర్న.

గువ్వ వాళ్లమ్మ తలుపుకు జారగిలబడింది. ఇంత వెలుగులో, ఇంతమంది మధ్య, బిడ్డ ఎదురుగా ఉండి కూడా చేతికి అందడం లేదు.

అప్పుడు అద్దాలాయన, "దీపాలార్పుతాను," అన్నాడు.

"ఇంకా ఫలితాలు చెప్పలేదుగా?" అన్నాడు జడ్జి.

"ఫలితాల సంగతి తర్వాత. ముందు దీపాలు."

ఆ క్లబ్బులో అదొక ఆచారం. ఓడిన ఫొటోలను వెనక బల్ల మీద బోర్లా పరుస్తారు. అద్దాలాయన స్విచ్చు దగ్గర నిలబడి దీపాలన్నీ ఆర్పేస్తాడు. ఆ చీకట్లో ఎవరి ఫొటో వాళ్లు తీసుకుని సంచిలో పెట్టుకుంటారు. ఓడినవాడి మొహం ఎవరూ చూడకూడదని ఆ ఏర్పాటు. చీకట్లో పోల్చుకోవడానికి ఎవరి గుర్తు వాళ్లకుంటుంది. ఒకరు అట్ట మూల కత్తిరిస్తారు, ఒకరు దారం కుడతారు, ఒకరు మైనం చుక్క పెడతారు. వేలితో తడిమితే తెలిసిపోతుంది. ఇవాళ ఎవరివేవో అందరికీ తెలిసిపోయాయి కాబట్టి ఇక చీకటితో పని లేదు. అయినా ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆమె మొహం చూడలేక వాళ్లకే చీకటి కావలసి వచ్చిందేమో.

"ఎవరిదైతే వాళ్లు," అద్దాలాయన నేల చూస్తూ అన్నాడు, "చీకట్లో ఆ అమ్మాయికి చెప్పేయండి. ఎవరని నేనడగను."

గువ్వ వాళ్లమ్మ ఆ ఫొటోను తనే తీసుకెళ్లి వెనక బల్ల మీద పెట్టింది. బోర్లా పెట్టలేదు. బిడ్డను బోర్లా పడుకోబెట్టడానికి చేతులు రాలేదు. దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

దీపాలారిపోయాయి.

చీకట్లో కుర్చీలు జరిగాయి. బట్టల రెపరెప, చెప్పుల చప్పుడు. ఎవరో బల్లకు తగిలి "అబ్బా" అన్నారు. ఆమె వేళ్లు ఫొటో అంచుల వెంట తడుముకుంటూ వెళ్లాయి. ఒక మూల, రెండో మూల. దారం లేదు, మైనం లేదు, కత్తిరింపు లేదు. ఏ గుర్తూ లేదు.

గుర్తు లేకుండా ఈ పెట్టెలో ఫొటో ఎవరేస్తారు? తిరిగి తీసుకెళ్లే ఉద్దేశం లేనివాళ్లు. లేదా, ఎన్నడూ పోటీలో ఫొటో పెట్టనివాళ్లు.

ఆ ఆలోచన పూర్తి కాకముందే ఆమె చేతి మీద ఇంకో చెయ్యి పడింది.

ఆమె కెవ్వుమనలేదు. రెండో చేత్తో ఆ మణికట్టును దొరకబుచ్చుకుంది. ముసలి చెయ్యి.

"లైటేయండి సార్!" ఎవరో అరిచారు. "ఎంతసేపీ చీకటి?"

"అద్దాలాయన కునుకు తీస్తున్నట్టున్నాడు," అన్నారింకెవరో.

స్విచ్చు దగ్గర ఎవరూ లేరు. ఉండవలసినవాడి చెయ్యి ఆమె గుప్పిట్లో ఉంది.

"బాబాయ్?"

"మెల్లగా అమ్మాయ్. నేనే. తీసింది నేనే." ఆయన ఊపిరి ఆమె చెవి దగ్గర ఎగశ్వాసలా వినబడుతోంది. "వారానికోసారి రేవు ఊరు వెళ్తాను కదా, అద్దాలమ్మడానికి. మీ ఆయన పిల్లని అక్కడికి తెచ్చాడు. నేనెవరో అతనికి తెలీదు. పిల్లకి తెలుసుగా. అద్దాల తాతా అని వచ్చి కాళ్లకి చుట్టేసుకుంది."

"ఎప్పుడు?"

"వానలు గట్టిగా పడుతున్నప్పుడు."

"వానలు... అంటే ఇన్నాళ్లూ..." ఆమె గోళ్లు ఆయన చేతిలో దిగాయి. "ఇన్నాళ్లూ తెలిసే నాకు టీ తెప్పించారా? ధైర్యంగా ఉండమ్మా అన్నారా?"

"తిట్టు. తర్వాత ఎంతసేపైనా తిట్టు. ముందు విను. ఒక కంటికి చూపు తగ్గుతోంది. దెబ్బ కాదు, ఎవరూ కొట్టలేదు. కొందరు పిల్లలకి అలా వస్తుంది. బాగున్న కన్ను మూసేసి, మందగించిన కంటిచేత పని చేయించాలి. ఆ తెల్లది నేనంటించిన కాగితమే. మధ్యలో మానేస్తే ఆ కన్ను ఇక తిరిగి రాదు. మీ ఆయనకి నా సంగతి తెలిసిపోయి ఏమన్నాడో తెలుసా? దానికి చెప్పావంటే ఈ పూటే ఊరు మారతాను, కళ్లూ వద్దు, కళ్లజోడూ వద్దు అన్నాడు. అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. నోరు విప్పనని మాటిచ్చాను. పిల్ల కన్ను కోసమే ఇచ్చానమ్మా."

"మరి ఇప్పుడు?"

"నోటితో చెప్పననే కదా అన్నాను, చూపించననలేదుగా అనుకున్నాను. నా బతుకంతా ఇలాంటి తెలివే. నువ్వు పెట్టె తెరవగానే చూసి, మెల్లగా నా దగ్గరకొచ్చి అడుగుతావనుకున్నా. నువ్వు అడిగావు కూడా. అప్పుడు కూడా నాకు నోరు రాలేదు." ఆయన ఇంకా దగ్గరకు వంగాడు. "మాట పోతే పోయింది, నోటితోనే చెబుతున్నాను. రేవు ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ వెనక మేడ. పై వాటా. రేపు పొద్దున్నే పడవెక్కేస్తున్నారు. ఇవాళ కాగితం మార్చడానికెళ్తే సామాను మూటలు కట్టి ఉన్నాయి. అవతలి ఒడ్డుకెళ్తే నేను కూడా వెతకలేను."

రేవు ఊరు. ఐసు ఫ్యాక్టరీ. మేడ. ఆమె ఆ మాటలు పెదవులతో జపంలా అనుకుంది. ఇన్నాళ్లు ఊళ్లన్నీ గాలించిన తనకు, బస్సులో ఒక కునుకు తీస్తే చేరిపోయే దూరంలో పిల్ల ఉంది.

"కారు తీస్తాను పద," అన్నాడాయన. "ఇప్పుడే."

ఆ మాటతోపాటే వాళ్ల పక్కన, చాలా దగ్గరగా, ఎవరిదో అడుగు వెనక్కి పడింది. హాలు తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు.

మీసాలాయన తడుముకుంటూ వెళ్లి స్విచ్చు నొక్కాడు. వెలుగుకు అందరూ కళ్లు నలుపుకున్నారు. వెనక బల్ల దగ్గర, గువ్వ వాళ్లమ్మ గుప్పిట్లో చెయ్యితో, మొహమంతా తడిగా అద్దాలాయన నిలబడి ఉంటే హాలు మొత్తం నోరు తెరిచింది. జడ్జి కూడా, మొదటిసారిగా, మాట లేకుండా తెరిచాడు.

ఆమె వాళ్లనెవర్నీ చూడలేదు. ముందు వరస చూసింది. టైలరక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఏడ్చేవాళ్లకు తోడుండే మనిషి, ఇలాంటప్పుడు ఎటు వెళ్తుంది?

ఫొటో గుండెకు అదిమి పట్టుకుని పరుగెత్తింది. మెట్ల మలుపులో, గోడవైపు తిరిగి, ఒక చెవి మూసుకుని టైలరక్క ఫోనులో మాట్లాడుతోంది. పిల్లల్ని బుజ్జగించే గొంతు. అదే గొంతుతో నిన్న గువ్వ వాళ్లమ్మకు అన్నం తినిపించింది.

"నాన్నకివ్వమ్మా ఫోను... కిందికెళ్లాడా? సామాను ఎక్కిస్తున్నాడా? పిలు మరి, తొందరగా పిలు. మంచిదానివి కదూ. పెద్దమ్మ అర్జెంటుగా మాట్లాడాలందని..."

గువ్వ వాళ్లమ్మ ఫోను లాక్కుంది. టైలరక్క తిరిగి చూసి, అరవబోయి, పై మెట్టు మీద అద్దాలాయన కనబడగానే గోడకు అతుక్కుపోయింది.

ఫోను చెవికి ఆనించగానే ముందు ఊపిరి వినబడింది. చిన్న ఊపిరి, ముక్కు కొంచెం పట్టేసిన ఊపిరి.

"పెద్దమ్మా," అంది గువ్వ. "పిలుస్తాగానీ, ముందు ఒకటి చెప్పు. మొన్న కూడా చెప్పలేదు నువ్వు. అమ్మ ఇంకా నిద్ర లేవలేదా?"

పిల్లకు ఏం చెప్పి తీసుకెళ్లారో అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ కిటికీ దిమ్మ మీద గడ్డం ఆనించి అది ఎదురుచూస్తున్నది ఏమిటో కూడా.

ఇప్పుడు మాట్లాడితే పిల్ల "అమ్మా" అని అరుస్తుంది. అరిస్తే అతను వింటాడు. వింటే రేపటిదాకా కూడా ఆగడు. మాట్లాడకుండా ఫోను పెట్టెయ్యాలి. బుద్ధి అదే చెబుతోంది. బొటనవేలు మీటదాకా వెళ్లింది.

"చెప్పు పెద్దమ్మా. లేచిందా?"

"లేచింది తల్లీ," అంది గువ్వ వాళ్లమ్మ.

అవతల ఊపిరి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలోకి దూరం నుంచి చెక్కమెట్ల మీద బూట్ల చప్పుడు ఎక్కి వచ్చింది. దగ్గరైంది. మగగొంతు, ఆమెకు బాగా తెలిసిన గొంతు, "ఎవరే ఫోన్లో?" అని అడిగింది.

అమ్మ కూడా ఎప్పుడూ వినని ఒక పెద్దమనిషి గొంతుతో గువ్వ తొణక్కుండా చెప్పింది.

"పెద్దమ్మే నాన్నా."